పారే నీటిలో రంగు నిలవాలంటే: ఆరు స్టాపుల ఎన్‌డీ, పోలరైజర్ జత పనితీరు

చలిదేశాల్లో శరత్తు వస్తే ఏటి నీటికి రంగు పూసేది పండుటాకులు. మన సీమలో ఆ నెలల్లో నల్లమల ఇంకా పచ్చగానే ఉంటుంది. ఇక్కడ నీటికి రంగిచ్చేవి ఎర్రబండలూ నీరెండా. వానలకు పారే వంక, ముసురు వెలిసి బురద దిగి తేటపడినప్పుడు, అహోబిలం ఎగువన భవనాశిని పాయలో కొండచరియ మొత్తం కరిగి పారుతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌లో (షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి తీసే ఫొటోలో) పట్టడానికి ఏ ఫిల్టర్ కొనాలన్నదే ఇక్కడి విషయం.

ముందే తేల్చి చెప్పాలంటే: 77 ఎం.ఎం. (లెన్స్ ముందు మర వెడల్పు) స్థిర ఎన్‌డీ64 ఒకటి, అంటే వెలుతురును 64వ వంతుకు, ఆరు స్టాపులు (ఆరుసార్లు సగానికి) తగ్గించే నల్లటి అద్దం. విడిగా సర్క్యులర్ పోలరైజర్ ఒకటి, అంటే తిప్పుతూ ప్రతిబింబాన్ని ఆపడానికో రానివ్వడానికో వాడే అద్దం. ఈ జత కొనండి. వేరియబుల్ ఎన్‌డీ వద్దు.

వేరియబుల్ ఎన్‌డీ అంటే లోపల ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు పోలరైజర్లే. చీకటి పెంచడానికి ముందు అద్దాన్ని తిప్పుతాం. నీటి మీది ప్రతిబింబాన్ని రానివ్వాలా ఆపాలా అన్నది కూడా ఆ ముందు అద్దమే తేలుస్తుంది. అంటే రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ కోసం తిప్పిన చోటే ఎర్రబండ ప్రతిబింబం నీటిలోంచి మాయమైపోవచ్చు. వెలుతురు ఒకటీ ప్రతిబింబం ఒకటీ విడివిడిగా మన చేతిలో ఉండవు. వీడియోకు అది మంచి వస్తువే, ఈ పనికి మాత్రం కాదు. పైగా వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఫొటో నడుమ ఇంటూ గుర్తులా నల్లటి మరక పడుతుంది.

ఇక పోలరైజర్. దీన్ని అందరూ నీటి మెరుపు తీసేయడానికే వాడతారు. ఇక్కడ పని సరిగ్గా దానికి ఎదురు. నీటి ఉపరితలానికి దాదాపు 37 డిగ్రీల వాలులో చూస్తూ రింగు తిప్పితే, ఒక చోట ప్రతిబింబం పూర్తిగా పోయి అడుగున గులకరాళ్ళు తేలతాయి. అక్కడి నుంచి పావు చుట్టు తిప్పండి. గులకరాళ్ళు మసకబారి, బండ ఎరుపు, ఆకాశం నీలం నీటి మీదికి చిక్కగా వస్తాయి. ప్రతిబింబపు వెలుగు దాదాపు అంతా లోపలికి వస్తుంది, అడుగు నుంచి వచ్చేది మాత్రం సగానికి సగం ఆగిపోతుంది. అందుకే రంగు అంత గట్టిపడుతుంది. రింగు మీద తెల్ల గుర్తు ఉంటే అది ఏ దిక్కుకు వచ్చిందో చూసిపెట్టుకోండి. లేకపోతే తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టుకోండి, మళ్ళీ వెతుక్కునే పని ఉండదు.

చోటూ వేళా ఫిల్టర్ కంటే ముఖ్యం. నీరు నీడలో ఉండాలి, ఎదుటి బండ ఎండలో ఉండాలి. ఇరుకు లోయల్లో పొద్దు పైకొచ్చి చరియ నెత్తి మీద పడి, వంక దాకా దిగని ఆ కాసేపే అసలు సమయం. నీటి మీద నేరుగా ఎండ పడిందా, తెల్లటి గీతలు తప్ప రంగు దక్కదు. గండికోటలో పెన్న లోయ అంచు నుంచి తీసేవాళ్ళకు గాలి ఇంకో చిక్కు, ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లేపకండి.

అలాంటి నీడలో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం కొలత) దగ్గర పోలరైజర్‌తో సుమారు 1/10 సెకను వస్తుంది. ఎన్‌డీ64 పెడితే 64 రెట్లు, అంటే ఆరు సెకన్ల పైచిలుకు. మెల్లగా కదిలే మడుగుకు ఇది చాలా బాగుంటుంది, అలలు కలిసిపోయి పట్టుచీర మీది రంగులా పరుచుకుంటాయి. బండల మధ్య ఉరికే పాయకు మాత్రం ఎక్కువ, అంతా పాలలా తెల్లబడిపోతుంది. దానికి పావు సెకను నుంచి ఒక సెకను చాలు, రంగు గీతలు గీతలుగా నిలుస్తుంది. అప్పుడు ఐఎస్‌ఓ 400కు పెంచితే సెకనున్నరకు దిగుతుంది. ఇంకా తగ్గాలంటే ఎన్‌డీ64 తీసి ఎన్‌డీ8 (వెలుతురును ఎనిమిదో వంతుకే తగ్గించేది) పెట్టుకోవాలి. ఈ జతలో అసలు లోటు ఇదే.

బిగించే వరస: ముందు ఫిల్టర్ లేకుండా ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చండి. ప్రతిబింబం నీటి పైపొర మీద ఉండదు, నీటి దాకా దూరం, అక్కడి నుంచి బండ దాకా దూరం కలిపినంత లోతులో ఉంటుంది. రంగు గీతలే కావాలంటే ఆ బండ ప్రతిబింబం మీదే ఫోకస్ పెట్టండి. తర్వాత ఎన్‌డీ లెన్స్ వైపు, పోలరైజర్ బయట. తలకిందులుగా పెడితే పోలరైజర్ తిప్పినప్పుడల్లా ఎన్‌డీ కూడా తిరిగి వదులవుతుంది. వైట్ బ్యాలెన్స్ (కెమెరా రంగులు సరిదిద్దే సెట్టింగు) డేలైట్‌లో ఉంచండి. ఆటోలో పెడితే కెమెరా ఆ ఎరుపునే తప్పు అనుకుని చల్లార్చేస్తుంది. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిచేసే ఏర్పాటు) ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే వెనక ఐపీస్ మూయండి, అక్కడి నుంచి వెలుతురు లోపలికి చొరబడుతుంది.

ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 24 ఎం.ఎం. కంటే వెడల్పుకు వెళ్తే, రెండు ఫిల్టర్ల అంచులు ఫొటో మూలల్లో నల్లగా పడతాయి. ఈ పనికి 70 నుంచి 200 లెన్సే మేలు కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. 67 ఎం.ఎం. లెన్స్ ఉన్నవాళ్ళు స్టెప్‌అప్ రింగు (చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే రింగు) వేసుకోవచ్చు, హుడ్ (ఎండ పడకుండా లెన్స్ ముందు పెట్టే తొడుగు) మాత్రం పట్టదు. మరలో ఎర్రమట్టి దుమ్ము చేరితే ఫిల్టర్ బిగుసుకుపోతుంది. అంచు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, నొక్కకుండా తిప్పితే వదులుతుంది. నొక్కితే రింగు వంకరై ఇంకా పట్టేస్తుంది. అద్దం మీద పడిన తుంపర్లను ఆరనివ్వకండి, ఉప్పునీటి బోరు నీళ్ళతో అసలే కడగకండి. తెల్ల మరకలు మిగులుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ (యాసిడ్ కాదు), మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

కర్నూల్లోనో కడపలోనో అంగట్లో కొంటుంటే అక్కడే పరీక్షించండి. తెల్ల కాగితాన్ని వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టి, ఫిల్టర్ లేకుండా 1/60 సెకనుకు ఒకటి, ఎన్‌డీ పెట్టి ఒక సెకనుకు ఒకటి తీయండి. రెండు హిస్టోగ్రామ్‌లూ (ఫొటోలో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫులు) దాదాపు ఒకేచోట నిలవాలి. రెండో కాగితం గోధుమరంగుకో వంగపండు రంగుకో తిరిగితే ఆ ముక్క వెనక్కి ఇచ్చి ఇంకోటి చూపమనండి. బండ ఎరుపు కోసం కొనే అద్దం తన రంగు కలపకూడదు.