మండుటెండలో నాసిక్: తక్కువ ధర వైన్లు, వాటికి కుదిరిన తిండి

ఏప్రిల్ మూడో వారంలో నాసిక్ వెళ్తున్నామని చెప్పగానే బంధువులందరూ త్ర్యంబకేశ్వర దర్శనానికే అనుకున్నారు. దర్శనమూ చేసుకున్నాం గానీ, నేనూ మా ఆవిడా, మా మరదలూ తోడల్లుడూ కలిసి నలుగురం బయలుదేరింది గంగాపూర్ రోడ్డు వెంబడి ఉన్న ద్రాక్షతోటల కోసం. మన ఊళ్ళల్లో ‘వైన్స్’ అని బోర్డు కట్టుకున్న దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. ఒకటీ అరా సీసాలు ఉన్నా పై అరలో, ఎండ తగిలేచోట, ఎవరూ అడగని చుట్టంలా నిలబడి ఉంటాయి. వేసవిలో హాయిగా తాగదగినదీ, వెయ్యి రూపాయలు దాటనిదీ ఏ వైన్, అది మన పులుపుతో కారంతో ఎంతవరకు నెగ్గుకొస్తుంది అన్న సందేహానికి, అది తయారయ్యే చోటే జవాబు వెతుక్కోవడం మేలనిపించింది.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాందేడ్, మన్మాడ్‌ల మీదుగా మర్నాడు తెల్లవారకముందే నాసిక్ రోడ్ స్టేషన్‌లో దిగవచ్చు. ప్రయాణం సుఖంగానే సాగింది, దిగే వేళతోనే చిక్కు. స్టేషన్ దగ్గర ముందుగా మాట్లాడుకున్న హోటల్‌వారు మధ్యాహ్నం పన్నెండు దాకా గది ఇవ్వలేమనీ, ఇప్పుడే కావాలంటే అరపూట అద్దె అదనంగా కట్టాలనీ అన్నారు. ఫోన్‌లో ఆ ముక్క చెప్పలేదు. నిద్రమొహాలతో బేరమాడే ఓపిక లేక కట్టాం. గదిలో ఫ్రిజ్ ఉంటుందని చూసి తీసుకున్న హోటల్ అది. ఫ్రిజ్ ఉంది, కానీ అందులో నాలుగు గంటలపాటు ఉంచిన మంచినీళ్ళ సీసాకి చెమటైనా పట్టలేదు. ఎండాకాలంలో వైన్ కోసం వెళ్ళేవారు బస మాట్లాడుకునేటప్పుడు ఏసీ కంటే ముందు ఫ్రిజ్ సంగతి గట్టిగా అడగాలని అక్కడ తెలిసింది.

మర్నాడు గంగాపూర్ రోడ్డు దాటాక పొలాల మధ్యనున్న ఒక హోమ్‌స్టేకి మారాం. గదికి రోజుకు 2,800 రూపాయలు, పొద్దున్న పోహా, టీ అందులోనే; అన్నిటికంటే ముఖ్యంగా వంటగది వాడుకోనిచ్చారు. సులా అనే వైన్ సంస్థవారికి తమ తోటలోనే ‘ది సోర్స్’, గంగాపూర్ జలాశయం వైపు ‘బియాండ్’ అని సొంత బసలున్నాయి. ద్రాక్షతీగల మధ్య నిద్ర లేవాలన్న ముచ్చట ఉన్నవారికి, కొత్త దంపతులకు అవి తగినవే. మేమూ కాసేపు ఊగిసలాడాం గానీ, అక్కడి ఒక రాత్రి అద్దెతో ఎన్ని సీసాలు వస్తాయో మా తోడల్లుడు కాగితం మీద లెక్కగట్టాక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. హోమ్‌స్టేలో లోటు ఒక్కటే: మధ్యాహ్నం రెండు గంటలపాటు కరెంటు పోతుంది, ఇన్వర్టర్ పంకాలకు మాత్రమే సరిపోతుంది.

వేసవిలో తోటల అందం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా నిద్రపోయి, శరదృతువులో కోతకు వస్తుంది. నాసిక్‌లో దానికి ఆ నిద్ర లేదు కాబట్టి రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: కోత ముగిశాక ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు వెనుకబట్టాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో రెండోసారి. ఆ రెండో కత్తిరింపు తరవాత వచ్చిన గుత్తులే జనవరి నుంచి మార్చి దాకా కోతకు వస్తాయి. అందువల్ల మేము చూసినవి వరసలు వరసలుగా ఇనపతీగెకు కట్టిన బోసి మొద్దులు. దగ్గరగా వంగి చూస్తే, అప్పుడే కోసిన కొసల నుంచి కొన్నిచోట్ల నీరు చుక్కలుగా కారుతోంది. గుత్తుల పక్కన ఫొటో దిగాలనుకునేవారు ఫిబ్రవరిలో రావాలి. వేసవిలో వచ్చినవారికి దక్కే లాభం వేరు: శనాదివారాలు వదిలేస్తే ముంబై జనం తాకిడి తగ్గి, వైన్ పోసేవారు నింపాదిగా నిలబడి అడిగినదానికి జవాబు చెబుతారు.

మొదట వెళ్ళింది సులాకే. అమెరికాలో ఇంజినీరింగ్ చదివి అక్కడే ఉద్యోగం చేసిన రాజీవ్ సామంత్ 1990లలో తిరిగివచ్చి, నాసిక్‌లో తమ కుటుంబానికున్న భూమిలో వేసిన తోట ఇది. తల్లి సులభ పేరు మీదుగానే సులా అయింది. అప్పటిదాకా తినే ద్రాక్షకు పేరుపడిన ఈ నేలలో సొవిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్లరకాలను నాటి, 2000లో మొదటి వైన్లు బజారులోకి తెచ్చారు. 2005లో తెరిచిన టేస్టింగ్ రూమ్ దేశంలోనే మొదటిదని చెప్పుకుంటారు. డబ్బు కట్టి కూర్చుంటే అరడజను రకాలు ఒక్కొక్కటి రెండు గుక్కల చొప్పున పోస్తారు. మొదట బుడగలున్నది, తరవాత తెల్లవి, ‘రోజే’ అనే గులాబీరంగుది, ఎర్రది, చివరగా తీపిది. నచ్చనిది పారబోయడానికి పక్కనే ఒక పాత్ర ఉంటుంది. మావాళ్ళు దాన్ని ముట్టుకోలేదు, డబ్బు కట్టినది పారబోయడం మన ఇంటావంటా లేదు కదా.

సొవిన్యాన్ బ్లాంక్‌ను ముక్కు దగ్గరికి తీసుకోగానే దోరజామకాయ కొరికినట్టు, వెనకాల పచ్చిమిర్చి చీల్చినట్టు వాసన వచ్చింది. పేరు చెప్పకుండా ఇచ్చినా మన ముక్కు పట్టుకోగల వాసనలివి. నోట్లో నిమ్మపులుపు, తీపి దాదాపు లేదు. షెనిన్ బ్లాంక్ అలా కాదు. బాగా పండిన జామ, అనాస వాసన, నాలుక చివర కొంచెం తీపి. వైన్ తెలిసినవారమనుకునేవారు ఈ తీపిని చిన్నచూపు చూస్తారు. నేనూ మొదటి గుక్కకు అలాగే చూశాను. తరవాత భోజనాల దగ్గర అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

రెండో రోజు సాయంత్రం యార్క్ వైనరీకి వెళ్ళాం. ఇది మొదట వేరే కుటుంబానిదైనా 2021లో సులా చేతికి వచ్చింది. ఇక్కడ వైన్ కంటే గొప్పది ఆ ఆరుబయలు. ఎదురుగా గంగాపూర్ జలాశయం, ఏప్రిల్ కావడంతో నీరు బాగా లోపలికి తగ్గి, ఒడ్డున బురద నెర్రెలిచ్చి ఉంది. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి ముప్పై కిలోమీటర్లు నడవకముందే ఇక్కడ ఆగుతుంది. రాజమండ్రిలో పుట్టి పెరిగిన మా ఆవిడ, గోదావరిని అంత సన్నగా ఎప్పుడూ చూడలేదంటూ గ్లాసు పక్కన పెట్టి చాలాసేపు అటే చూసింది. సూర్యాస్తమయం కోసం వెళ్ళదగిన చోటు ఇది. ఒక సీసా తీసుకుని నలుగురూ పంచుకుంటే టేస్టింగ్ కంటే చవకగా తేలుతుంది.

ఇక భోజనం సంగతి. హోమ్‌స్టేలో ఆ సాయంత్రమే కరెంటు పోయింది, ఫ్రిజ్‌లో చల్లదనం పోయింది. ఇంటివారి కుర్రాడు కిరాణాకొట్టు నుంచి ఐస్ గడ్డ తెచ్చి బకెట్లో వేసి, సీసాలు దాని మీద పడుకోబెట్టాడు. అలా అయితే ఐస్ తగిలినచోటే చల్లబడుతుంది. బకెట్‌ను సగం దాకా నీళ్ళతో నింపి, రెండు గుప్పెళ్ళ కల్లుప్పు వేసి కలిపి, మెడ దాకా మునిగేలా సీసాలు నిలబెట్టాం. ఉప్పు పడ్డ ఐస్ నీరు మామూలు ఐస్ నీటికంటే చల్లగా దిగిపోతుంది. ఇరవై నిమిషాలకు సీసా పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. తెల్ల వైన్‌కు ఎనిమిది, పది డిగ్రీలు సరిపోతుంది. అంతకంటే బాగా చల్లబరిస్తే వాసన చచ్చిపోతుంది, వెచ్చగా ఉంటే పుల్లనీళ్ళలా ఉంటుంది.

మెనూ మా ఇంటిదే: చింతపండు పులిహోర, బొచ్చె చేప ముక్కల వేపుడు, సీసాలో వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి, ఆవకాయ. మొదట తెరిచింది షిరాజ్ అనే ఎర్ర వైన్, అన్నిటిలోకీ ఖరీదైనది. ఒంటిగా తాగినప్పుడు మిరియాల ఘాటుతో బాగానే ఉంది. వేపుడు ముక్క కొరికి గుక్క వేసేసరికి నోరంతా మండిపోయింది. ఎర్ర వైన్‌లో తొక్కల నుంచి దిగిన వగరు ఉంటుంది, పైగా ఆల్కహాలు. రెండూ మిరపకారాన్ని రెచ్చగొడతాయి. “బావగారూ, ఈ ఎర్రది కషాయంలా ఉంది, ఆ తియ్యదే పోయండి” అని మా మరదలు గ్లాసు చాచింది. షెనిన్ బ్లాంక్ పోశాను. కారం మీద ఆ కొద్దిపాటి తీపి పడగానే మంట దిగింది, చల్లదనం దాన్ని ఇంకాస్త దించింది, నాలుక మళ్ళీ ముక్క కోసం సిద్ధమైంది. టేస్టింగ్ రూమ్‌లో నేను తక్కువ చేసి చూసిన సీసా అన్నిటికంటే ముందు ఖాళీ అయింది.

పులిహోరకు మాత్రం సొవిన్యాన్ బ్లాంక్‌దే పైచేయి. తిండి పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది. చింతపండు ముందు షెనిన్ అలాగే నీరుగారిపోయింది, సొవిన్యాన్ పులుపుకు పులుపుగా నిలబడింది. ఇంగువ, కరివేపాకు వాసనలు కూడా దానిలోని పచ్చివాసనతో కలిసిపోయాయి. గోంగూర దగ్గర అది కూడా తడబడింది. నెయ్యి ధారాళంగా వేసుకున్నాక ఫరవాలేదనిపించింది. ఆవకాయకు ఏదీ నిలవలేదు. ఆవపిండి ఘాటు, ఉప్పు, నూనె, కారం నాలుగూ ఒక్కసారి మీద పడితే ఏ ద్రాక్షకైనా దిక్కులేదు, దానికి మజ్జిగే సరి.

నాసిక్ తిండిలో మాకు ఎక్కువగా నచ్చిన జత కొండాజీ చివడాది. కారంగా, కరకరలాడే ఈ అటుకుల మిక్చర్ ఊరంతా దొరుకుతుంది. దానికి బ్రూట్ రకం, అంటే తీపి దాదాపు లేని, స్పార్క్లింగ్ వైన్, సీసాలోనే రెండోసారి పులిసి బుడగలు కట్టేది, చాలా బాగా కుదిరింది. వేపుడు నూనెను, ఉప్పును ఆ బుడగలు, పులుపు కలిసి కడిగేస్తాయి. మన చెగోడీలకూ, సకినాలకూ, మిరపకాయ బజ్జీలకూ ఇదే సూత్రం పనికొస్తుందని నా నమ్మకం. ధర మాత్రం మామూలు తెల్ల వైన్ కంటే ఎక్కువ; మేము పెట్టుకున్న వెయ్యి రూపాయల గీత దాటినవి ఇదీ, ఆ షిరాజూ. మిసళ్ గురించి అందరూ చెబుతారు, కట్టెల పొయ్యి మీద కాచిన ఎర్రని రసంలో మొలకలు, ఫర్సాన్ అనే కారప్పూస మిక్చర్ వేసి పావ్‌తో పెడతారు, రుచి అమోఘం. కానీ అది పొద్దున్న తొమ్మిదింటి తిండి, పక్కన టీ చాలు.

తీపి విషయంలో పొరపాటు పడ్డాం. ఆలస్యంగా కోసిన షెనిన్‌తో చేసే లేట్ హార్వెస్ట్ వైన్ చిన్న సీసా కొని, హోమ్‌స్టే ఆవిడ చేసిపెట్టిన పురణ్ పోళీతో, అంటే మన బొబ్బట్టుతో, మొదలుపెట్టాం. బెల్లం ముందు వైన్ పుల్లగా తోచింది. తినే తీపి కంటే తాగే తీపి ఎక్కువగా ఉండాలన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు అదే వైన్‌ను కోసిన హాపూస్ మామిడిముక్కలతో తీసుకుంటే రెండూ ఒకదానికొకటి వన్నె తెచ్చాయి. ఇంటికొచ్చాక బంగినపల్లితో ప్రయత్నించాలని అప్పుడే అనుకున్నాం.

తిరగడానికి డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోవడం తప్పనిసరి, తాగి బండి నడపడం ఎలాగూ కుదరదు, సాయంత్రం తోటల దగ్గర ఆటోలు దొరకవు. మాకు రోజుకు 3,000 అయింది. మొదటి రోజు కుదిరిన డ్రైవర్ మేము లోపల ఉండగా మరో బాడుగకు వెళ్ళి గంటన్నర తరవాత తిరిగివచ్చాడు. రెండో రోజు మాట్లాడుకున్న పెద్దాయన త్ర్యంబకంలో క్యూ ఎక్కడ తక్కువో చెప్పడంతో పాటు చేపలు ఎక్కడ తాజాగా ఉంటాయో కూడా చూపించాడు. మహారాష్ట్రలో వైన్‌కు 21 ఏళ్ళు నిండి ఉండాలి కాబట్టి కాలేజీ పిల్లలను వెంట తీసుకెళ్ళేవారు గుర్తింపు కార్డులు మరచిపోకూడదు. సీసాలు వెంట తెచ్చుకోలేదు. రాష్ట్రం దాటించే మద్యానికి ఎక్సైజ్ నిబంధనలున్నాయి, రైల్లో ఆ తలనొప్పి దేనికని అక్కడే ముగించాం.

వచ్చిన వారానికి మా పేటలోని వైన్స్ దుకాణానికి వెళ్ళి అదే షెనిన్ బ్లాంక్ అడిగాను. కుర్రాడు స్టూలెక్కి, పై అర నుంచి ఒక సీసా తీసి, చొక్కా చేతితో దుమ్ము తుడిచి ఇచ్చాడు. ఇలాంటి తెల్ల వైన్ ఎంత కొత్తదైతే అంత బాగుంటుందని నాసిక్‌లో చెప్పారు కనుక లేబుల్ మీది సంవత్సరం చూశాను, నాలుగేళ్ళ కిందటిది. సీసా గోరువెచ్చగా ఉంది. “పాతదైతే ఇంకా మంచిది సార్” అన్నాడు. ఇంకోటి లేదా అని అడిగితే, ఫ్రిజ్‌లో బీరు సీసాల వెనక నుంచి ఒకటి వెతికి తీశాడు. అది పోయినేటిది.