లేకాక్ ఊళ్లో నాన్న చూడాలనుకున్న కిటికీ

నాన్న తెనాలిలో నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపారు. మొన్న వేసవిలో స్విండన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు లండన్ కంటే ముందు విల్ట్‌షైర్‌లోని లేకాక్ చూపించాను. నా దృష్టిలో ఆ ఊరికి అయిదుకి అయిదు.

నాలుగు వీధులే ఉన్న ఊరు. పాత కర్ర చట్రాల ఇళ్లు, రాతి కప్పులు, ఒకచోట కాస్త ముందుకు ఒరిగిన గోడ. పైన కరెంటు తీగలు కనపడవు. 1944లో మటిల్డా టాల్బట్ తన అబ్బేతో (ఒకప్పటి సన్యాసినుల మఠం, తర్వాత టాల్బట్‌ల ఇల్లు) పాటు ఊరిని కూడా పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చేశారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో అద్దెకు మనుషులు ఉంటున్నారు. గుమ్మం ముందు బూట్లు, కిటికీలో పూలకుండీ చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇవి చట్టం కాపాడే కట్టడాలు, వాటి రూపు మారే పని ఏది చేయాలన్నా ముందు అనుమతి కావాలి. దయచేసి ఫొటోల కోసం కిటికీల్లోంచి లోపలికి తొంగిచూడకండి. మేం ఉన్న గంటలోనే ఇద్దరు ముగ్గురు ఆ పని చేశారు, నాకు చాలా బాధేసింది.

14వ శతాబ్దం నాటి ధాన్యపు కొట్టంలో నాన్న చాలాసేపు నిలబడ్డారు. వంపు తిరిగిన దుంగలు రెండువైపుల నుంచీ లేచి పైన కలుస్తాయి. "మన పెంకుటింటి దూలాలు తిన్నగా ఉంటాయమ్మా, వీళ్లు చెట్టు వంపునే వాడుకున్నారు" అన్నారు.

వీధుల్లో తిరగడానికి డబ్బులు అక్కర్లేదు, అబ్బేకి మాత్రం టికెట్. కారు ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి నడవడమే మంచిది. అబ్బేలో రాతినేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, పైకి మెట్లు ఎక్కాలి. పెద్దవాళ్లతో వెళ్తే తొందర పెట్టుకోకండి. తినడానికి మేం పులిహోర కట్టుకెళ్లాం.

నాన్న వచ్చింది ఆ పై గ్యాలరీలోని కిటికీ కోసం. ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన, ఆ అబ్బే యజమాని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835 ఆగస్టులో దాన్ని ఫొటో తీశారు. ఈనాటికీ మిగిలిన నెగటివ్‌లలో అదే అన్నింటికంటే పాతది. పోస్టల్ స్టాంపంత ఉంటుంది. ఆయన వాడిన బుల్లి చెక్క కెమెరాలను భార్య కాన్‌స్టెన్స్ ఎలకబోనులు అనేదట. "అప్పటికి బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో రసాయనం ఫొటోలకి వాడేవాళ్లు కాదు కదా, మరి బొమ్మ ఎలా నిలిచింది?" అని నాన్న అడిగారు. చిక్కటి ఉప్పునీళ్లతో అని చెబితే మాట్లాడకుండా తలూపారు. హైపో వాసన జీవితమంతా పీల్చిన మనిషి.

భూతద్దంతో చూస్తే నెగటివ్‌లో కిటికీ అద్దాలు సుమారు రెండొందలు లెక్కపెట్టొచ్చని టాల్బట్ రాసిపెట్టుకున్నారు. అది చెప్పగానే నాన్న వేలు ఎత్తి గాలిలోనే ఒక్కొక్క అద్దం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తొంభై దాటాక వెనక ఎవరో దారి అడిగారు. పక్కకు జరిగి, మళ్లీ ఒకటి నుంచి అందుకున్నారు.