నాలుగు పక్కల చక్ బెర్రీ: ‘ది గ్రేట్ ట్వంటీ-ఎయిట్’ రికార్డుల సెట్టు

అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారు వాద్యగాడు చక్ బెర్రీ పాటల సంకలనం ‘ది గ్రేట్ ట్వంటీ-ఎయిట్’ 1982లో చెస్ రికార్డుల కంపెనీ పేరు మీద రెండు ఎల్పీల (పెద్ద గ్రామఫోను రికార్డుల) సెట్టుగా వెలువడింది. 1955 నుంచి 1965 వరకు ఆయన ఆ కంపెనీకి పాడిన పాటల్లోంచి ఏరిన 28 పాటలు, పక్కకు ఏడు చొప్పున నాలుగు పక్కల మీద, దాదాపు కాలక్రమంలోనే ఉంటాయి. నేను తెప్పించుకున్నది తర్వాత వచ్చిన పునర్ముద్రణ. అట్ట ఒక మూల నలిగి ఇంటికి చేరింది. అమ్మినవాళ్లకు ఫొటో తీసి పంపితే క్షమాపణ వచ్చింది గాని అట్ట రాలేదు. మా నాన్నగారి తరంవాళ్లు రికార్డును ‘ప్లేటు’ అనేవారు. ఆ లెక్కన రెండు ప్లేట్లూ గీత పడకుండా వచ్చాయి కనుక అట్ట సంగతి వదిలేశాను.

ఈ సెట్టు గురించి నా అభిప్రాయం ముందే చెబుతాను. రాక్ అండ్ రోల్ ఎలా పుట్టిందో చెవులతో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు. అయితే ఏరినవారు చివరి పక్కకు వచ్చేసరికి రెండు పాటలను వదిలేసి, ఆ మనిషి జీవితంలోని ఒక ముఖ్యమైన మలుపును మనకు వినబడకుండా చేశారు. ఆ లోటు చిన్నది కాదు.

చక్ అసలు పేరు చార్ల్స్ ఎడ్వర్డ్ ఆండర్సన్ బెర్రీ. 1926 అక్టోబరు 18న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో పెద్ద, తల్లి బడిలో ప్రధానోపాధ్యాయురాలు. అటువంటి ఇంట్లో పుట్టి కూడా 1944లో, హైస్కూల్లో ఉండగానే, సాయుధ దోపిడీ కేసులో పట్టుబడి, దిద్దుబాటు జైలులో మూడేళ్లు గడిపి, సరిగ్గా తన ఇరవై ఒకటో పుట్టినరోజున బయటికి వచ్చాడు. ఆ తర్వాత కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, తుడిచే ఊడ్చే పనులు చేశాడు, జుట్టు ముస్తాబు పని నేర్చుకున్నాడు. 1952 ముగిసి 1953 మొదలయ్యే ఆ రాత్రి, ఈస్ట్ సెయింట్ లూయిస్‌లోని కాస్మోపాలిటన్ క్లబ్బులో పియానో వాయించే జానీ జాన్సన్, తన బృందంలో ఒకరు రాలేకపోవడంతో బెర్రీని పిలిపించాడు. నల్లవారితో నిండిన ఆ క్లబ్బులో ఆయన తెల్లవారి పల్లెపాటలు అందుకుంటే శ్రోతలు మొదట నవ్వారు, తర్వాత ఆ పాటలకే ఆడడం మొదలుపెట్టారు.

మొదటి పక్క మీది మొదటి పాట ‘మేబెలీన్’ వింటే ఆ కలయిక ఏమిటో తెలుస్తుంది. 1955 మే నెలలో బెర్రీ షికాగో వెళ్లి, తాను ఆరాధించే బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ను కలిసి, రికార్డు చేయాలంటే ఎవరిని చూడాలని అడిగితే, ఆయన చెస్ కంపెనీ యజమాని లెనర్డ్ చెస్ పేరు చెప్పాడు. తన బ్లూస్ పాటలు (అమెరికా నల్లవారి బాధల పాటలు) నచ్చుతాయనుకుని వెళ్లిన బెర్రీకి, చెస్ చెవి పాత పల్లెపాట ‘ఐడా రెడ్’ను తిరగరాసిన పాట మీద పడడం ఆశ్చర్యమే అయింది. అదే ‘మేబెలీన్’. ఫోర్డు కారులో ఉన్నవాడు, ప్రియురాలు ఎక్కి పోతున్న క్యాడిలాక్ వెంట పడతాడు, ఇంజిను వేడెక్కిపోతుంది, అంతలో వాన కురిసి, బానెట్ కిందికి నీళ్లు చేరి ఇంజిను చల్లబడుతుంది, కొండ మీద ఆమె దొరుకుతుంది. రెండు నిమిషాల చిల్లరలో ఇదంతా జరుగుతుంది. ఆ పాట నల్లజాతి సంగీతపు జనాదరణ పట్టికలో మొదటి స్థానానికి, అందరి పట్టికలో అయిదో స్థానానికి చేరింది. రికార్డు మీద మాత్రం రచయితలుగా బెర్రీ పక్కన మరో ఇద్దరి పేర్లు అచ్చయ్యాయి: ఒకరు రేడియోలో పాటలు వేసే అలన్ ఫ్రీడ్, మరొకరు రస్ ఫ్రాటో. పాట రాయనివారికి వాటా పోతున్న సంగతి పాట రాసినవాడికి రికార్డు బయటికి వచ్చాక గాని తెలియలేదు. ఆ పేర్లు పూర్తిగా తొలగడానికి 1986 దాకా పట్టింది. డబ్బు విషయంలో ఆయన జీవితాంతం ఎవరినీ నమ్మకపోవడానికి విత్తనం ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది.

ఈ రికార్డుల్లో నన్ను మొట్టమొదట పట్టుకున్నది గిటారు కాదు, ఉచ్చారణ. గాయకుడు నాట్ కింగ్ కోల్ పాడే తీరును ఆయన శ్రద్ధగా గమనించి, ప్రతి మాటా విడివిడిగా వినపడేలా పలికేవాడు. ఇంగ్లీషు పాటల్లో సగం మాటలు అందని నాబోటి శ్రోతకు ఇది పెద్ద వరం. ఇక గిటారు పని వంత పలకడం. బుర్రకథలో కథకుడు ఒక చరణం అని ఊపిరి పీల్చుకునే లోపల వంతవాళ్లు అందుకున్నట్టే, బెర్రీ ఒక పంక్తి పాడగానే ఆయన గిటారే ఆ పంక్తికి జవాబు చెబుతుంది. కథకుడూ వంతవాడూ ఒక్కడే కావడం ఇక్కడి విశేషం. వెనుక జానీ జాన్సన్ పియానో ఉన్న చోట్ల దాని మీద ఒక చెవి వేసి వినండి. ఆ పాటలను కలిసి కట్టామంటూ జాన్సన్ 2000లో దావా వేశాడు. కాలదోషం పట్టిందని 2002లో కోర్టు కొట్టివేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆ పియానో తీసేస్తే ఈ పాటల్లో చాలావాటికి నడక పోతుంది.

రెండో పక్కలో ‘జానీ బి. గూడ్’ ఉంది. దాని మొదటి గిటారు పలుకు గాయకుడు లూయీ జోర్డన్ బృందంలోని గిటారు వాద్యగాడు కార్ల్ హోగన్ 1946లో వాయించినదానికి చాలా దగ్గరగా ఉంటుంది. హోగన్ ప్రభావాన్ని బెర్రీ దాచలేదు. కథానాయకుడి ఇంటిపేరు బెర్రీ పుట్టిన గూడ్ ఎవెన్యూ నుంచి వచ్చింది. ‘నల్ల కుర్రాడు’ అని రాసుకున్న చోట, రేడియోలో వేయరేమోనని ‘పల్లెటూరి కుర్రాడు’ అని మార్చానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలకు అమర్చిన బంగారు పూత రికార్డులో ఈ పాట ఉంది. అదే రికార్డులో 55 భాషల పలకరింపులు ఉన్నాయి, వాటిలో తెలుగు ఒకటి. అంటే మన నమస్కారమూ బెర్రీ గిటారూ ఒకే ప్లేటు మీద సూర్యమండలం దాటిపోయాయి. ఆ ప్లేటు అట్ట మూల నలగలేదని ఆశిద్దాం.

మూడో పక్కలోని ‘మెంఫిస్, టెనెసీ’ ఒక్కటే చాలు, ఆయన కథ చెప్పే నేర్పు తెలియడానికి. ఒకతను దూరపు ఫోను కలిపే ఆపరేటరును బతిమాలుకుంటూ ఉంటాడు: మెంఫిస్ నుంచి తనకు ఫోను వచ్చింది, కబురు మామయ్య గోడ మీద రాసిపెట్టాడు, నంబరు తెలియదు, ఎలాగైనా కలపాలి. ‘మరీ’ అన్న పేరు, దూరమైన బాధ, కలిసి గడిపిన రోజుల జ్ఞాపకం అన్నీ విని మనం ప్రేయసి అనుకుంటాము. వాళ్లమ్మ ఒప్పుకోక తమను విడదీసిందన్నప్పుడు ఆ అమ్మను అత్తగారిగానే ఊహించుకుంటాము. చిట్టచివరి పంక్తుల్లో ఆ ‘మరీ’ వయసు ఆరేళ్లని తెలుస్తుంది. తండ్రి కూతురి కోసం పడే ఆరాటం అది. వెంటనే ముల్లు ఎత్తి మళ్లీ మొదట పెట్టి విన్నాను. రెండోసారి అది వేరే పాట. అందులో గిటారు కూడా మిగతా చోట్లలాగ ఎగరకుండా, ఫోను అవతల నుంచి ఎవరూ పలకనప్పటి నిశ్శబ్దానికి జాగా ఇస్తూ నెమ్మదిగా నడుస్తుంది.

ఇక ఇబ్బంది పెట్టే విషయం. ఈ పాటల్లో బడి పిల్లలు, పదహారేళ్ల అమ్మాయిలు తరచుగా కనిపిస్తారు. రాసేనాటికి బెర్రీ ముప్పై దాటినవాడు. 1959 డిసెంబరులో, పద్నాలుగేళ్ల అమ్మాయిని రాష్ట్రాల సరిహద్దు దాటించి తెచ్చాడన్న నేరం మీద ఆయనను అరెస్టు చేశారు. మొదటి విచారణలో జడ్జి జాతి ద్వేషంతో మాట్లాడాడని పైకోర్టు తీర్పును కొట్టివేసింది. రెండో విచారణలోనూ నేరం రుజువైంది. 1962 ఫిబ్రవరి నుంచి 1963 అక్టోబరు దాకా ఆయన జైలులో ఉన్నాడు. జడ్జి తప్పు జడ్జిది, బెర్రీ తప్పు బెర్రీది. ఒకదానితో ఒకటి చెల్లదు. ‘స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్’ వరస ఎంత గొప్పదైనా, అదే వరసను 1963లో బీచ్ బాయ్స్ బృందం మరో పాటకు వాడుకున్నా, నేను ఇప్పుడు దాన్ని నిశ్చింతగా వినలేను.

నాలుగో పక్కలో జైలు ముందరి పాటలు, జైలు నుంచి వచ్చాక 1964లో విడుదలైన ‘నడీన్’, ‘నో పర్టిక్యులర్ ప్లేస్ టు గో’ పక్కపక్కనే ఉన్నాయి. రెండోదాంట్లో సీటు బెల్టు ఊడిరాక ప్రేమికుల సాయంత్రం పాడైపోతుంది; హాస్యం చెక్కుచెదరలేదు. నా ఫిర్యాదు ఇక్కడే. జైలులోనే రాసిన ‘ప్రామిస్డ్ ల్యాండ్’ ఇందులో లేదు, ‘యూ నెవర్ కెన్ టెల్’ లేదు. మొదటిది వర్జీనియాలోని నార్ఫోక్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఒక పేదవాడి ప్రయాణం. దారిలోని ఊళ్లు సరిచూసుకోవడానికి దేశపటం కావాలని అడిగితే, ఖైదీకి పటం ఇవ్వడమంటే పారిపోయే దారి చూపడమేనని అధికారులు జంకారని బెర్రీ తన ఆత్మకథలో రాశాడు. గోడల మధ్య కూర్చుని దేశమంతా తిరిగిన ఆ పాటను వదిలి, చివరి చోటును ‘ఐ వాంట్ టు బి యువర్ డ్రైవర్’ వంటి మామూలు పాటకు ఇవ్వడానికి నాకు కారణం కనిపించదు. 1972లో అమెరికా పట్టికలో ఆయనకు దక్కిన ఏకైక మొదటి స్థానం ఒక చిల్లర హాస్యపు పాటది. సంకలనం 1965తో ఆగిపోవడం వల్ల అది తప్పిపోయింది, అందుకు మాత్రం సంతోషమే.

ఆ తర్వాతి జీవితం ఈ ప్లేట్ల మీద లేదు. గిటారు ఒక్కటే చేతపట్టుకుని ఊరూరా తిరగడం, ఏ ఊళ్లో దొరికిన వాద్యగాళ్లను ఆ ఊళ్లో పెట్టుకోవడం, డబ్బు నోట్ల రూపంలో చేతిలో పడ్డాకే వేదిక ఎక్కడం ఆయన పద్ధతి. ఆ నోట్ల లెక్కే 1979లో పన్ను ఎగవేత కేసుగా మారి నాలుగు నెలలు జైలుకు పంపింది. అదే ఏడాది ఆయన వైట్ హౌస్‌లో కూడా వాయించాడు. 1996 నుంచి సెయింట్ లూయిస్‌లోని బ్లూబెరీ హిల్ అనే రెస్టారెంటులో నెలకొకటిగా రెండు వందలకు పైగా కచేరీలు చేసి, 2017 మార్చి 18న తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

కొనేవారికి ఒక మాట. ఇవి మోనో రికార్డింగులు. రెండు స్పీకర్ల మధ్య వాద్యాలు పంచుకుని వినిపించాలని ఆశించకండి. ఒకే పక్కను వరుసగా వింటే కొన్ని పాటల మొదళ్లు ఒకేలా తోస్తాయి, అందుకని నేను రోజుకు ఒక పక్క చొప్పున విన్నాను. మొదలుపెట్టడం మూడో పక్కతో మొదలుపెట్టండి. నాలుగో పక్క అయ్యాక మాత్రం నేను చివరి పాట దగ్గర ముల్లు ఎత్తేసి, ఆ వదిలేసిన రెండు పాటలనూ ఫోనులో పెట్టుకుని వింటున్నాను.