తరుమి రైలెక్కి ముసలి చెట్టు దగ్గరికి

జపాన్‌లో ఒగాకి స్టేషన్లో బోర్డు చదివి వినిపించగానే అత్తయ్య అడిగారు, "తరుమి ఏంటమ్మాయ్, ఎవర్ని తరమాలి?" ఆవిడ తణుకు నుంచి వచ్చి మూడు వారాలైంది. అప్పటికే మేముండే నగోయాలో సకురా, అదే చెర్రీ పూత, రాలిపోయింది. ఫొటోల్లో చూపించింది ఎక్కడా కనిపించట్లేదని ఆవిడ బెంగ. అందుకే గిఫు కొండల్లోకి పోయే తరుమి రైల్వే ఎక్కించాం.

నగోయా నుంచి ఒగాకికి జేఆర్ (జపాన్ రైల్వేస్) రైల్లో అరగంట. అక్కడ ప్లాట్‌ఫామ్ చివర ఒకే పెట్టె ఉన్న డీజిల్ బండి నిలబడి ఉంటుంది. కండక్టర్ ఉండడు, అన్నీ డ్రైవరే. మొత్తం దారి 34.5 కిలోమీటర్లు, గంట పైచిలుకు. 1984లో ప్రభుత్వ రైల్వే వదిలించుకున్న లైను ఇది. స్థానిక ప్రభుత్వాలూ సంస్థలూ కలిసి కంపెనీ పెట్టి నిలబెట్టుకోవడమే కాదు, 1989లో తరుమి దాకా పొడిగించారు కూడా. ఒకప్పుడు సిమెంటు మోసి బతికింది. 2006లో ఆ సరుకు ఆగిపోయాక ఊళ్లవాళ్లూ పూల కోసం వచ్చే మనలాంటివాళ్లే దిక్కు. సిటీ రైళ్లలో గేటుకి తాకించే కార్డు ఇక్కడ పనికిరాదు, చిన్న నోట్లు తీసుకెళ్లండి. నేను పదివేల యెన్ల నోటు ఒక్కటే పెట్టుకుని బయల్దేరాను. మా ఆయన పర్సు లేకపోతే ఆరోజు నా పరువు ఒగాకిలోనే పోయేది.

మొదటి సగం మైదానం. పెర్సిమన్ పండ్ల తోటలు అప్పుడే లేతాకు వేస్తున్నాయి. తర్వాత నెవో నది వచ్చి కలుస్తుంది. బండి దాన్ని ఇటోసారి అటోసారి దాటుతూనే ఉంటుంది, నీళ్లు సీసా పచ్చ రంగులో. తనిగుమిగుచి స్టేషన్లో ప్లాట్‌ఫామ్ పొడవునా సకురా చెట్లే. తలుపు తెరుచుకోగానే గాలికి రేకులు లోపలికి కొట్టుకొచ్చాయి. ఒకటి అత్తయ్య స్వెటర్‌కి అంటుకుంటే దులపనివ్వలేదు.

తరుమిలో దిగి పావుగంట నడిస్తే ఉసుజుమి అనే ముసలి సకురా చెట్టు. వయసు 1500 ఏళ్ల పైనే అంటారు. కెయ్‌తాయ్ చక్రవర్తి నాటాడని కథ. 1922 నుంచి జాతీయ సహజ సంపద. చుట్టూ కంచె, కొమ్మల కింద పదుల కొద్దీ ఊతకర్రలు. మొగ్గలో లేత గులాబీ, విచ్చాక తెలుపు, రాలేముందు నీళ్లు కలిపిన సిరా రంగు. ఉసుజుమి అంటే అదే, పలచటి సిరా. జనం తెలుపు చూడ్డానికి ఎగబడతారు. మేం వెళ్లింది ఏప్రిల్ 13న, రాలే రోజుల్లో. నన్నడిగితే చూడాల్సింది అప్పుడే. బూడిద రంగు కొమ్మ కింద బూడిద రంగు నేల. "కానుగ పూలు రాలినట్టే ఉంది, మా ఇంటి ముందు రోజూ ఊడ్చేదాన్ని," అన్నారు అత్తయ్య. ఇంత దూరం తెచ్చి కానుగ చెట్టు చూపించామా అని మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. నాకు మాత్రం అంతకన్నా సరైన పోలిక తట్టలేదు.

1949లో ఈ చెట్టు ఇక పోయినట్టే అనుకున్నప్పుడు గిఫు నుంచి ఒక పళ్ల డాక్టరు, అదే దంతవైద్యుడు, వచ్చి, కుర్ర చెట్ల వేళ్లు 238 దీని వేళ్లకి అంటుగట్టి బతికించాడు. ఈ కథ చెప్పేసరికి అత్తయ్య కంచె దగ్గరే ఆగిపోయారు.

తిండి విషయంలో జాగ్రత్త. కొట్లలో నూడుల్స్ పులుసు అంతా చేప మరిగించిన నీళ్లే. శాకాహారులకి సోయా సాస్ రాసి కాల్చిన బియ్యప్పిండి ఉండలు, లేదంటే ఇంటి పులిహోర. మేం రెండోదే తిన్నాం.

13నే ఎందుకంటే, లోయలో ఇంకా పైకి వెళ్తే నోగో అనే పల్లె ఉంది. అక్కడి హకుసాన్ గుడిలో ఏటా ఆ రోజున నో (ముఖానికి మాస్కులు కట్టి ఆడే పాత నాటకం), క్యోగెన్ (నవ్వించే నాటిక) ఆడతారు. ఆడేది ఆ ఊరి 16 కుటుంబాలవాళ్లే. నో కట్టే ఇల్లు, క్యోగెన్ ఆడే ఇల్లు, వాద్యం పట్టే ఇల్లు వేరువేరు. తండ్రి తర్వాత కొడుకు. "మన కూచిపూడి భాగవతుల ఇళ్లలాగా," అన్నారు అత్తయ్య. మా ఆయన ఆఫీసు స్నేహితుడు కారు తెచ్చాడు కాబట్టి సరిపోయింది, తరుమి నుంచి నడక అయితే పెద్దవాళ్లకి కష్టం. నో నెమ్మది, చాలా నెమ్మది. నాకు రెండుసార్లు కునుకు పట్టింది. క్యోగెన్ మొదలవగానే చుట్టూ ముసలమ్మలు నవ్వారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అత్తయ్య వాళ్లకన్నా గట్టిగా నవ్వారు.

పరుగులు పెట్టి చూసేవాళ్లకి ఈ రైలు పడదు. బండ్లు తక్కువ, టైమ్‌టేబుల్ ముందే చూసుకుని రోజంతా దీనికే వదిలేయండి. ఐదుకి ఐదు ఇస్తున్నాను.

తిరుగు బండిలో అత్తయ్య నిద్రపోయారనుకున్నాం. నది దాటుతుంటే కళ్లు తెరవకుండానే అడిగారు, "ఆ పళ్ల డాక్టరు ఫీజు తీసుకున్నాడంటావా?"