నీల్ దీవిలో తాళం లేని గది

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో ఒక లాడ్జీ కౌంటర్లో పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను. అందుకని ఏ ఊరు వెళ్లినా ముందు గది గడియ చూస్తాను, తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పుతాను, ఆ తర్వాతే ఊరు. ఇదొక జబ్బని మా ఆవిడ అంటుంది. కార్తీకం అయిపోయి వైకుంఠ ఏకాదశి రద్దీ ఇంకా మొదలుకాని డిసెంబరు మొదటివారంలో, ఓనరును బతిమాలి ఆరు రోజులు సెలవు తీసుకుని అండమాన్ వెళ్లొచ్చాం. అందులో మూడు రాత్రులు నీల్ దీవిలో అనుకున్నాం, నాలుగయ్యాయి, అదెందుకో తర్వాత చెప్తాను. 2018లో దీని పేరు షహీద్ ద్వీప్ అని మార్చారు కానీ జెట్టీలోనూ ఆటోల దగ్గరా అందరూ నీల్ అనే అంటున్నారు.

రాత్రి ఒంటిగంటకు అద్దె కారులో బయల్దేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై విమానాశ్రయం చేరాం. అక్కణ్ణుంచి రెండు గంటల పైచిలుకు విమానం. దిగేది పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి శ్రీ విజయపురం. ఆటో ఎక్కి మా హిందీలో తంటాలు పడుతుంటే డ్రైవరు వెనక్కి తిరిగి "ఏటి బావూ, తెలుగోళ్లా, ఏ ఊరు?" అన్నాడు. వాళ్లది శ్రీకాకుళం, తాత కాలంలోనే వచ్చేశారట. తిరుపతి అనగానే ఇక దారంతా ఒకటే, కొండ మీద గది ఎట్లా దొరుకుతుంది, మూడొందల టికెట్టు ఎప్పుడు వదులుతారు. వెయ్యి కిలోమీటర్లు పైన సముద్రం దాటి వచ్చినా కౌంటరు వదల్లేదు నన్ను.

సెల్యులార్ జైలుకు ఒక పూట కేటాయించండి. 1906కి కట్టడం పూర్తయిన ఆ జైలు చరిత్ర అంతా నేను చెప్పక్కర్లేదు, నాకు తెలిసిన ఒక్క విషయం చెప్తాను, గడియలు. తలుపుకున్న ఇనుప గడియ పక్క గోడలోపలికి పోతుంది, తాళం అక్కడెక్కడో పడుతుంది. లోపలున్నవాడు ఊచల్లోంచి చేయి ఎంత చాచినా అందదు. ఇంత దుర్మార్గంగా ఆలోచించి పెట్టిన గడియ నేనెక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున ప్రైవేటు పడవలో నీల్‌కు గంటన్నర. ఏసీ, అద్దాలు బిగించిన కిటికీలు, టీవీలో పాటలు. సముద్రం మధ్యలో ఉన్నామన్న సంగతి కడుపుకు తప్ప కంటికి తెలియదు. మా ఆవిడకు రెండుసార్లు వాంతి అయింది. అరగంట ముందే మాత్ర వేసుకోండి, పడవ కదిలాక వేసుకుంటే దండగ.

ఇక బస. పేరు రాయను. ఉన్నవి నాలుగే గదులు, పది మంది ఎగబడితే ఆ ఇల్లు తట్టుకోలేదు. జెట్టీ నుంచి సీతాపూర్ వైపు ఆటోలో పదిహేను నిమిషాలు, తర్వాత వక్క తోటలోంచి కాలిబాట. నాలుగు గుడిసెలు, చెక్క అరుగు, చుట్టూ వక్క, అరటి, కొబ్బరి. నడిపేది ఒక బెంగాలీ ఆవిడ, అందరూ దీదీ అంటారు. 1960లలో తూర్పు బెంగాల్ శరణార్థులకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చినప్పుడు వాళ్ల మామగారు వచ్చారట. ఈ దీవి నుంచే చుట్టుపక్కలకు కూరగాయలు పోతాయి. మనం సముద్రం చూడటానికి వెళ్తాం గానీ అక్కడ దారి పొడుగునా కనిపించేవి వంగ తోటలు, బీర పందిళ్లు.

తాళంచెవి కోసం చేయి చాపాను. "తాళం లేదు, కుక్క వస్తుంది, తలుపు దగ్గరగా వేసుకోండి చాలు" అంది. నా హిందీ అంతా యాత్రికుల దగ్గర నేర్చుకున్నదే, అడ్వాన్సు, ఆధార్, చెకౌట్ దాటితే మాటలు దొరకవు, కాబట్టి వాదించలేదు. మొదటి రాత్రి డబ్బు సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాను. రెండో రోజు నుంచి అది కొక్కేనికే వేలాడింది.

లోపాలు దాచను. సముద్రం రెండు నిమిషాలు అని బుకింగులో రాశారు, ఎనిమిది నిమిషాలు పడుతుంది, రాత్రయితే టార్చి కావాలి. గీజరు లేదు, అడిగితే బకెట్ వేడినీళ్లు తెచ్చిపెడతారు. బాత్రూం తలుపు ఎత్తి పట్టుకుంటే గానీ మూసుకోదు. రెండు రాత్రులు కరెంటు పోయింది. సాయంత్రం ఇసుకలో కూర్చుంటే కంటికి కనపడని ఈగలు కుడతాయి, తిరుపతి వచ్చాక కూడా వారం దాకా గోక్కున్నాం. ఫోన్‌లో డబ్బు పంపితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, నోట్లు పట్టుకెళ్లండి. ఇవన్నీ మా లాడ్జీలో ఉంటే కస్టమరు కౌంటరు మీద గుద్ది మరీ అడిగేవాడు, నేనైతే రోజుకు 2,000 సంతోషంగా కట్టాను. దాంట్లో టిఫిను కూడా.

టిఫినంటే లూచీలు, బంగాళాదుంప కూర. లూచీ చూడ్డానికి మన పూరీలాగే ఉంటుంది, మైదాతో చేస్తారు, తెల్లగా, చేత్తో తాకితే చాలు మెత్తగా దిగిపోతుంది. మూడో రోజు శనివారం. దీదీ ఆవ పెట్టిన చేపల పులుసు తెచ్చి పెట్టింది. శనివారం మా ఇంట్లో నీచు ముట్టరు, ఆ సంగతి హిందీలో చెప్పడం నావల్ల కాలేదు. మా ఆవిడ మాట్లాడకుండా సంచిలోంచి కొండ లడ్డూ తీసి ఆమె చేతిలో పెట్టింది. దీదీ లడ్డూ చూసి, చేప చూసి, గిన్నె వెనక్కి తీసుకుపోయి పది నిమిషాల్లో పొట్లకాయ వేపుడు తెచ్చింది. లడ్డూ కాళీమాత పటం ముందు పెట్టింది. శాకాహారులు ముందే చెప్పండి, ప్రతిసారీ లడ్డూ ఉండదు.

ఆ వక్క చెట్ల మీద పట్టపగలే పచ్చటి బల్లులు పాకుతుంటాయి, చిలక పచ్చ, అండమాన్‌లో తప్ప కనిపించని రకం. ఒకటి అరుగు మీంచి నా భుజాన పడింది. నేను గెంతుతుంటే మా ఆవిడ తాపీగా, "కంచిలో బంగారు బల్లిని ముట్టుకోనొచ్చినాం గదా, ఏమీ కాదులే" అంది.

చూడాల్సినవాటిలో నా ఓటు లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజంగా ఏర్పడ్డ రాతి వంతెనకు. అక్కడికి సముద్రం వెనక్కి పోయినప్పుడే నడవగలరు, ఆ సమయం రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి ఎవరో నిన్న వెళ్లిన టైముకు మీరు ఈరోజు వెళ్లకండి. దీదీ పొద్దునే చెప్పేసేది. రాళ్ల గుంటల్లో నిలిచిన నీళ్లలో నీలం చేపపిల్లలు, దోసకాయలా మెత్తగా ఉండే నల్లటి సముద్రదోస అనే జీవులు కనిపిస్తాయి. పట్టున్న చెప్పులు వేసుకోండి, హవాయి చెప్పులతో వెళ్లి నేను కూర్చున్నచోటే కూర్చుండిపోయాను. భరత్‌పూర్‌లో అద్దం అడుగున్న పడవ ఎక్కాం, ఫరవాలేదు, జనం ఎక్కువ. మా ఆవిడ కొమ్మలా ఉన్న తెల్ల పగడపు ముక్క ఒకటి ఏరుకొచ్చింది, దీదీ చూసి వెంటనే వెనక్కి వేయించింది. వన్యప్రాణి చట్టం కింద అది నేరం, విమానాశ్రయంలో సంచి స్కాన్ చేసినప్పుడు పట్టుకుంటారు.

ఇంకో సంగతి, అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు గంట ముందుంటాడు, గడియారం మాత్రం మనదే. డిసెంబరు మొదట్లో అయిదు కాకముందే మునిగిపోతాడు. మేం నాలుగింటికి కునుకు తీసి లేచేసరికి మొదటిరోజు సూర్యాస్తమయం అయిపోయింది. ఉదయం అయిదుంపావుకల్లా సీతాపూర్ తీరంలో ఉంటే ఉదయం మాత్రం మీదే, మేం వెళ్లిన రోజు మేమిద్దరం, ఆ కుక్క.

నాలుగో రోజు బయల్దేరాలి. పొద్దున ఆరింటికి మెసేజీ, సముద్రం బాగాలేదు, పడవ రద్దు. మాకు టెన్షన్, మర్నాడు మధ్యాహ్నం విమానం. మేం టికెట్టు కొన్న పడవవాళ్లు ఫోనెత్తలేదు, డబ్బు వెనక్కి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మర్నాడు పొద్దున పడవ కదిలింది కాబట్టి సరిపోయింది, విమానం తలుపులు వేసే వేళకు పరిగెత్తాం. మీరు విమానానికీ పడవకూ మధ్య కచ్చితంగా ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

లెక్క చూడమంటే దీదీ పాత క్యాలెండరు కాగితం వెనక రాసింది. అంకెలు బెంగాలీలో. మూడు రోజుల అద్దె, నాలుగో రోజుకు భోజనం డబ్బులే. రాత్రి ఉన్నాం కదా అని వేలితో చూపించాను. "పడవ ఆపింది మీరా?" అంది.

మా లాడ్జీలో 24 గంటలు దాటి గంటయితే సగం రోజు అద్దె రాస్తాను, దర్శనం క్యూలో ఆలస్యమైనా సరే. ఓనరు రూలు. ఆ క్యాలెండరు కాగితం ఇప్పుడు నా కౌంటరు సొరుగులో, రసీదు పుస్తకం కింద ఉంది.