‘కొండపొలం’ అయిపోయింది, తర్వాత ఏది?

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ కథ నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క విసిగిపోయిన రవి ఊరికి తిరిగొస్తాడు. అక్కడేమో కరువు. జీవాలకు మేత లేదు, నీళ్లు లేవు. అలాంటప్పుడు గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు, దాన్నే కొండపొలం పోవడం అంటారు. రవి కూడా వాళ్ల వెంట వెళతాడు. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో క్రిష్ సినిమా తీశాడు కాబట్టి ఈ మాత్రం చాలామందికి తెలిసే ఉంటుంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం కథ కాదు, అందులోని పని. మందని ఎక్కడ ఆపాలి, నీళ్లు ఎటు దొరుకుతాయి, రాత్రిపూట కాపలా ఎలా, పులి దగ్గర్లో తిరుగుతోందని ఎలా పసిగట్టాలి. ఇవేవీ రచయిత కూర్చోబెట్టి వివరించినట్టు ఉండవు. పెద్దవాళ్లు విసుక్కుంటూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ తమ పనిలో తాముంటారు, మనం రవి పక్కన నిలబడి నేర్చుకుంటాం. నాది గుంటూరు వైపు. కడప మాట మొదట్లో కాస్త అడ్డం పడింది. అర్థం కాని వాక్యాన్ని పైకి చదివితే చాలా వరకు దారికొచ్చేది. మెట్రోలో పైకి చదివితే పక్కవాళ్లు లేచి వెళ్లిపోతారు, అందుకని ఈ పుస్తకాన్ని ఇంట్లోనే చదివాను.

నచ్చనిది కూడా చెప్పాలి. అడవి రవిని మారుస్తోందన్న సంగతి సన్నివేశాల్లోనే తెలిసిపోతోంది. అయినా నవల దాన్ని పదే పదే గుర్తుచేస్తుంది. అలాంటి చోట్ల వ్యక్తిత్వ వికాసం క్లాసులో కూర్చున్నట్టుంటుంది. ఆ పేజీలు గబగబా దాటేశాను, కథకేమీ నష్టం రాలేదు.

దీనికి ముందు చదివింది బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. పద్దెనిమిదో శతాబ్దం, అనంతపురం ప్రాంతం, హండే రాజుల కాలం. దీనికీ తానా బహుమతి ఉంది, 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డూ వచ్చింది. రాజుల నవల అనగానే కోట, సింహాసనం, కత్తియుద్ధం అనుకుంటాం. ఇక్కడ కులం, కరువు, ఆడవాళ్ల బతుకు ముందుకొస్తాయి. పాత్రలు ఎక్కువ. వారం గ్యాప్ ఇస్తే ఎవరు ఎవరో మర్చిపోతాం. తీరిక ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’ మాత్రం సగంలో ఉంది. 2022 అకాడెమీ అవార్డు దీనికే. దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లు, వాళ్ల సంగీతం. కర్ణాటక సంగీతం మీద చెవి ఉన్న మా వదిన మహా ఇష్టంగా పూర్తిచేసింది. నాకు రాగాల పేర్లు వచ్చినప్పుడల్లా స్పీడు తగ్గుతోంది. పుస్తకం తప్పేం కాదది. కచేరీల సీజన్‌లో మళ్లీ తీస్తాను.

ఇక తర్వాత ఏది అన్న ప్రశ్న. అవార్డు వచ్చిందంటే నేను షాపులో ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంటాను, అంతవరకే. వెనక అట్ట మీది పొగడ్తలు అసలు చదవను, అవి అన్ని పుస్తకాలకీ ఒకేలా ఉంటాయి. మధ్యలో ఏదో పేజీ తెరిచి ఇద్దరు మాట్లాడుకునే చోటు చూస్తాను. ఎవరి మాట ఎవరిదో పేర్లు లేకుండా తెలిస్తే కొంటాను. పాత్రలన్నీ రచయిత గొంతుతోనే మాట్లాడుతుంటే పెట్టేస్తాను, ఎంత గొప్ప విషయమైనా సరే. హైదరాబాద్ కాచిగూడలోని నవోదయ పుస్తకాల షాపులో ఈ పని తీరిగ్గా చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కుదరదు, అక్కడ ముందు పేజీలు చూపిస్తే అదే ఎక్కువ.

సన్నపురెడ్డిదే ‘ఒంటరి’ చదవమని ఆఫీసులో ఒకాయన వెంటపడుతున్నారు. ఒకే రచయితని వరసగా చదివితే రెండో పుస్తకానికి అన్యాయం చేస్తానేమో అనిపిస్తుంది నాకు. పైగా రెండు సీమ నవలల తర్వాత నేల మారాలనిపిస్తోంది. కె.ఎన్. మల్లీశ్వరి ‘నీల’ తెచ్చుకున్నాను. మధ్యలో పేజీ తెరిచి చూశాను, మాటల పరీక్ష పాసయింది. లావుపాటి పుస్తకం, బ్యాగులో పట్టడం కష్టమే. దసరా సెలవులకి ఊరెళ్లేటప్పుడు రైల్లో మొదలుపెడతాను.