మడత పర్సు కోసం తోలు చెక్కడపు నమూనాలు: మూడు పర్సులు చేసి చూశాక

మడిచి జేబులో పెట్టుకునే తోలు పర్సు మీద పూలు, తీగలు చెక్కేవారి కోసం తయారుచేసిన నమూనాల సంపుటి ఒకటి కొని, అందులోని మూడు నమూనాలతో మూడు పర్సులు పూర్తి చేశాను. పన్నెండు నమూనాలు, ఒక కొలతల పట్టిక, ఏ బొమ్మా లేని ఖాళీ చట్రం ఒకటి ఇందులో ఉన్నాయి. అన్నింటినీ మనమే కాగితం మీద ముద్రించుకోవాలి. గీతల అందం విషయంలో ఈ సంపుటికి వంక పెట్టలేను. అయితే పర్సు మడతపడే వస్తువన్న సంగతిని పన్నెండింటిలో నాలుగు నమూనాలు మాత్రమే లెక్కలోకి తీసుకున్నాయి. నా అభ్యంతరమంతా మిగిలిన ఎనిమిదింటి మీదే.

పర్సు వెలుపలి తోలును నునుపు వైపు పైకి ఉండేలా బల్ల మీద పరిచినప్పుడు కుడి సగం ముందు అట్టగా, ఎడమ సగం వెనుక అట్టగా మారుతాయి, నడుమ ఉన్న సన్నని పట్టీ మడత చుట్టూ తిరిగి వీపు అవుతుంది. ఈ ఎనిమిది నమూనాల్లో ప్రధానమైన పువ్వు సరిగ్గా ఆ పట్టీ మీదే కూర్చుంది. కాగితం మీద అది ఎంతో నిండుగా కనిపిస్తుంది కానీ, పర్సు మూసిన క్షణంలో పువ్వు రెండుగా చీలి, ముందు నుంచి చూస్తే సగం రేకులు, వెనుక నుంచి చూస్తే మిగతా సగం మాత్రమే కనిపిస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు మన్నికకు సంబంధించినది. తోలు మీద గీతలు కోసే కత్తి అయిన స్వివెల్ నైఫ్‌తో పెట్టే గాటు తోలు మందంలో మూడో వంతు నుంచి సగం దాకా దిగుతుంది. ఆ గాటు మడతకు సమాంతరంగా ఉంటే, పర్సు మడిచిన ప్రతిసారీ గాటు నోరు తెరుచుకుంటూ చివరికి అక్కడే తోలు చిట్లడం మొదలవుతుంది. నా మొదటి పర్సుకు జరిగింది ఇదే. రెండు నెలల వాడకానికే వీపు మీది రేకులు అణిగిపోయాయి, మడత వెంబడి నిలువుగా సాగిన కాడ వద్ద గాటు విచ్చుకుంది. గాటు పక్కన తోలును వాలుగా అణిచే బెవెలర్ అనే ముద్రను ఎంతో ఓపికతో నడిపిన చోట అలా జరగడం చూస్తే బాధ కలిగింది.

మడతను అర్థం చేసుకున్న నాలుగు నమూనాల్లో ఒకటి మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అందులో వీపు పట్టీ అంతటా కత్తి గాటు అన్నదే లేకుండా చాప అల్లిక ముద్ర మాత్రమే కొట్టమని సూచించి, రెండు అట్టలనూ కలిపే ఒకే ఒక్క కాడను ఆ పట్టీకి అడ్డంగా దాటించారు. మడతకు అడ్డంగా వెళ్లే గాటు మీద వంపు ఒత్తిడి చాలా తక్కువ పడుతుంది కాబట్టి ఆ కాడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మూసి ఉన్నప్పుడు ముందు అట్ట దానికదే పూర్తయిన బొమ్మలా ఉంటుంది, తెరిచి పరిస్తే తీగ ఒక చివర నుంచి మరో చివరకు సాగినట్టు కనిపిస్తుంది.

ఈ సంపుటిలోని పూల నమూనాలన్నీ షెరిడన్ శైలిని అనుసరించాయి. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో షెరిడన్ అనే ఊరి పేరుతో, అక్కడి జీనుల పనివాడు డాన్ కింగ్ కృషితో ఇరవయ్యో శతాబ్దంలో పేరుకెక్కిన శైలి ఇది. కాడలు వలయాలుగా తిరుగుతూ ఒక్కొక్క వలయంలో ఒక్కొక్క పువ్వును పొదువుకోవడం, ప్రతి కొమ్మా తల్లి కాడ సాగే దిశలోనే మెల్లగా విడివడడం దీని లక్షణాలు. ఆ ప్రవాహాన్ని ఈ చిత్రకారుడు ఎక్కడా తెగనివ్వలేదు. ఏ ఆకును పట్టుకుని వెనక్కి వెళ్లినా కన్ను సాఫీగా మూలం దాకా చేరుతుంది. సొంతంగా తీగలు గీయడం నేర్చుకునేవారికి ఈ పుటలను చూసి చేయి తిప్పడమే మంచి అభ్యాసమని నా నమ్మకం. కాకపోతే రెండు మూడు నమూనాలను సంచీల వంటి పెద్ద వస్తువుల కోసం గీసి, తరువాత పర్సుకు సరిపోయేలా కుదించినట్టు తెలిసిపోతుంది. ఆకుల నడుమ ఖాళీ ఒక మిల్లీమీటరు కూడా లేని చోట ఆ ఖాళీని అణిచే నేపథ్యపు ముద్ర మొన ఎలా పట్టాలి? తోలు మీదికి ఎక్కించే ముందే మన దగ్గరున్న అతి చిన్న ముద్రను కాగితం మీది ఖాళీల్లో ఆనించి చూసుకుని, పట్టని చోట ఒక ఆకును తీసివేయడమే మేలు.

కొలతల పట్టిక చాలా వరకు నమ్మదగినదే. చెక్కే వెలుపలి తోలుకు 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్లు, లోపలి అరలకు 1 మిల్లీమీటరు లోపు మందం చాలని చెప్పడం, ముద్ర నిలవాలంటే చెట్ల బెరడు వంటి వాటితో పదును చేసిన వెజిటబుల్ టాన్డ్ తోలే కావాలని హెచ్చరించడం సరైనవే. కానీ పుటలన్నీ 216 × 279 మిల్లీమీటర్ల లెటర్ కాగితానికి అమర్చి ఉన్నాయన్న ముఖ్యమైన మాట ఎక్కడా లేదు. 210 × 297 మిల్లీమీటర్ల ఏ4 కాగితం మీద పుటకు సరిపడేలా ముద్రిస్తే బొమ్మ దాదాపు 3 శాతం కుదించుకుపోతుంది, అంటే 230 మిల్లీమీటర్ల వెడల్పులో ఆరు మిల్లీమీటర్లకు పైగా తగ్గిపోతుంది. ముద్రించేటప్పుడు అసలు పరిమాణం అనే ఎంపికను పెట్టి, 85.6 × 53.98 మిల్లీమీటర్ల బ్యాంకు కార్డును, కార్డులు పెట్టుకునే అర కోసం గీసిన గీత మీద ఉంచి సరిచూసుకోవాలి.

వెలుపలి గీతను తుది కొలతకే గీశారు తప్ప అదనపు అంచు ఇవ్వలేదు. తడిపిన తోలు మీద ముద్రలు కొడుతుంటే తోలు సాగుతుంది. వెనుక వైపు టేపు అంటించినా కొంత సాగకుండా ఉండదు. అందువల్ల నేను నాలుగు వైపులా సెంటీమీటరు ఎక్కువగా కోసుకుని, చెక్కడం పూర్తయి తోలు ఆరాక మాత్రమే తుది కొలతకు కత్తిరిస్తున్నాను. రెండు నమూనాల్లో ఆకు కొనలు అంచు నుంచి నాలుగు మిల్లీమీటర్ల దాకా వచ్చేశాయి; కుట్టు రంధ్రాలు పడేది సరిగ్గా అక్కడే కనుక, ఆ కొనలను లోపలికి వంచి గీసుకోక తప్పలేదు.

ఇన్ని లోపాలున్నా ఈ సంపుటిని నేను పక్కన పెట్టలేదు, దానికి కారణం చివరి పుటలోని ఖాళీ చట్రం. అందులో రెండు అట్టలు, వీపు పట్టీ, కుట్టు వరస, దాని లోపలి హద్దు గీత విడివిడిగా గుర్తించి ఉన్నాయి. సంపుటిలో నాకు నచ్చిన తీగలను ట్రేసింగ్ ఫిల్మ్ మీదికి ఎత్తుకుని, ఈ చట్రం మీద అటూ ఇటూ జరుపుతూ నాలుగో పర్సుకు బొమ్మ కూర్చుకున్నాను. ముందు అట్ట నడిమికి కాస్త దిగువన ఒకే పువ్వు, వీపును అడ్డంగా దాటే ఒకే కాడ, వెనుక అట్ట మీద ఆకులు మాత్రమే, కింది మూలన పేరులోని తొలి అక్షరం. ఇప్పుడు ఫిల్మ్‌ను తడి తోలు మీద పరిచి స్టైలస్‌తో గీతలు దించుతున్నాను.